ఒక్క వాట్ బాకీ

కెమియార్వి ఊరి చివర, తెల్లవారుజాము నాలుగున్నర.
కిటికీ అవతల పాదరసం
సున్నాకి ఇరవై రెండు మెట్లు కింద
ముడుచుకు కూర్చుంది.

కారు గేరుబాక్సు అక్టోబరులోనే కన్నుమూసింది.
బాగు చేయించే డబ్బుతో రెండు నెలలు తినొచ్చు.
మిగిలింది మోటారుసైకిలు, మేకుల టైర్లు,
నలభై కిలోమీటర్ల మంచు,
ఆ చివర బడి వంటగదిలో
ఏడింటికల్లా ఉడకాల్సిన బార్లీ గంజి.

"ఈ చలిలో మోటారుసైకిలేంటి, అయిలా?"
దుకాణంలో అందరూ అడిగారు.
ఎన్సియో ఒక్కడే అడగలేదు.
ముప్పై ఏళ్లు టెలిఫోన్ స్తంభాలెక్కిన మనిషి,
ఊరందరి మాటలూ మోసి మోసి
తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు.
ఒక చుట్ట తీగ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

చేతుల్లేని ఉన్ని కోటు ఒకటుంటే
అస్తరు కుట్లు ఊడదీశాను.
పాత నోటుపుస్తకంలో లెక్క:
ఇంజను పుట్టించేది నూట యాభై వాట్లు.
ముందు దీపానికి యాభై అయిదు,
స్పార్కుకీ బ్యాటరీకీ వెనక దీపానికీ అరవై.
నా వంటికి ముప్పై అయిదు.
పన్నెండు వోల్టులు, నాలుగు ఓముల తీగ,
ఎన్నిసార్లు గుణించి భాగించినా
కోటు ముప్పై ఆరు అడుగుతోంది.

"ఒక్క వాట్ బాకీ" అన్నాను.
"అప్పు పెట్టకుండా ఏ చలికాలం పోయింది?" అన్నాడు.
ఆ నెలలో అతనన్న పొడవైన వాక్యం అదే.

మూడు రాత్రులు కుట్టాను.
తీగ మీద తీగ పడకూడదు, పడితే అక్కడే కాలుతుంది.
పడని తోడికోడళ్లలా
బెత్తెడు ఎడంగా కూర్చోబెట్టాను.
అయినా మొదటిసారి తొడిగినప్పుడు
కుడి భుజం కింద, అతుకు దగ్గర
పిల్లి గీరినట్టు చురుక్కుమంది.
అరిచాను. విప్పాను. మళ్లీ కుట్టాను.
కమిలిన ఉన్ని వాసన వారం పాటు
రొట్టెకి కూడా పట్టుకుంది.

బయల్దేరిన రోజు
ప్లగ్గు పెట్టి మీట నొక్కితే
ఏమీ లేదు.
ఇంకా ఏమీ లేదు.
వంతెన దాటాక, వీపు మీద ఎవరో
ఇప్పుడే గిన్నె దించిన అరచేతులు ఆనించినట్టు!
నవ్వొచ్చింది.
నవ్వు హెల్మెట్ అద్దానికి లోపలే గడ్డకట్టింది.
గోకుదామని చేయెత్తితే
వేళ్లు లేవు.
ఉన్నాయి గానీ నావి కావు.
ఇంత లెక్కలోనూ చేతులు మరిచాను.

బడి ముందు దిగి నాలుగడుగులు వేశానో లేదో
తీయడం మరిచిన ప్లగ్గు వెనక్కి లాగింది,
డబ్బులిచ్చి కదులు అన్నట్టు.
గంజి గిన్నెకి రెండు చేతులూ ఆనించి
నొప్పి తిరిగొచ్చేదాకా నిలబడ్డాను.

సాయంత్రం ఎన్సియో అడిగాడు, "ఎలా ఉంది?"
"వీపు వేసవిలో ఉంది."
చేతుల మాట ఎత్తలేదు.
జేబుల్లోంచి తీయనూ లేదు.
అతను జేబుల వంకే చూశాడు.

మర్నాడు బండి సీటు మీద
బోర్లించిన బకెట్టు కింద
ఒక జత తోలు చేతితొడుగులు.
లోపల సన్నటి తీగ.
నా కుట్టు కాదు, స్తంభాలెక్కిన చేతి కుట్టు,
పెద్దది, వంకర, ఊడనిది.
వీటికి వాట్లెక్కడివి?
మనమే బాకీలో ఉన్నాం కదా.

కిక్ కొట్టాను.
ముందు మంచు ఎప్పటిలా పసుపుగా లేదు,
నీలపు తెలుపు.
దిగి వెనక్కి వెళ్లి చూశాను.
పాత ఎర్ర బల్బూ లేదు.
దాని చోట గోరంత కొత్త దీపం,
దాదాపు ఏమీ తినకుండా,
వెనక వచ్చేవాళ్ల కోసం
మంచు మీద చిన్న ఎర్ర మరక వేస్తోంది.

ఎన్సియో కిటికీ చీకటిగా ఉంది.
నిద్రపోతున్నాడో,
అక్కడా ఒక వాట్ మిగులుస్తున్నాడో.