పిండి పొంగినంత సేపు

మంగళవారాలు నావి కావు.
కెరిమ్ డబ్బాలో ఉడికిన గుడ్డు, దోసకాయ ముక్కలు సర్ది
కారే కుళాయి కింద గిన్నె పెట్టి
(జెవాద్ రేపు బాగుచేస్తాడు. ఆ రేపటికి మూడు నెలలు నిండాయి)
అయిదున్నరకే కారు తీస్తాను.
తుజ్లా నుంచి సరాయెవో కోర్టుకి
సాక్షుల్ని తీసుకెళ్ళి తీసుకురావడం నా పని.
జీతం లేదు. పెట్రోలు డబ్బులు సంఘం ఇస్తుంది,
ఇచ్చినప్పుడు.

ఈ వారం జుమ్రా.
డెబ్బై ఆరేళ్ళు. ఒళ్ళో చేతిసంచి,
సంచిలో గళ్ళ రుమాలు చుట్టిన రొట్టె.
దారంతా యుద్ధం ఊసెత్తలేదు.
ఈ ఏడు ఎర్రమిరపకాయలు ఎన్ని కిలోలు కాల్చి దాచావంది.
పది అన్నాను.
"మగపిల్లాడున్న ఇంట్లో పది ఏ మూలకే!"
క్లాదాన్ కనుమ దగ్గర పొగమంచు.
వైపర్లు కీచుమంటుంటే
కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది.
ప్రార్థన అనుకున్నాను.
కాదు. ముగ్గురు కొడుకుల పుట్టినరోజులు,
అక్కడ తడబడకూడదని
చిన్నపిల్లలా అప్పజెప్పుకుంటోంది.

నల్లకోటు యువకుడు మర్యాదస్తుడే.
"వాళ్ళొచ్చేసరికి సమయం ఎంతమ్మా?"
"తెల్లారి నమాజు చేసి పిండి కలిపి మూతపెట్టా.
అది పొంగి గిన్నె అంచు తాకేసరికి వచ్చారు."
"గడియారం ప్రకారం చెప్పండి."
"గడియారం పెద్దాడి చేతికుంది.
పెద్దాణ్ణి వాళ్ళు తీసుకెళ్ళారు."

టైపు చేసే అమ్మాయి వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి.
తర్వాత తెరమీద అక్షరాలు నడిచాయి:
సాక్షికి సమయం గుర్తులేదు.

అద్దం వెనక కూర్చున్న ముసలాడి స్వెట్టర్‌కి
పైగుండీ కిందికాజాలో ఉంది.
పొద్దున ఎవరూ చూసుకోలేదు కాబోలు అనుకున్నాను.
అనుకున్నందుకు
నామీద నాకే రోత పుట్టింది.

నా యుద్ధం చిన్నది.
తొమ్మిదేళ్ళు నాకప్పుడు. నేలమాళిగలో అమ్మ
ఒక్క చేపల డబ్బా ఏడుగురికి పంచేది.
ఏ రోజు పెద్దముక్క ఎవరికెళ్ళిందో
ఈనాటికీ చెప్పగలను.
న్యాయమంటే నాకు తెలిసింది అంతే:
పంచిన చెయ్యి చివర్న తీసుకోవాలి.
ఆ గదిలో దండలా పేర్చిన ఫైళ్ళ మధ్య
పంచే చెయ్యి ఏదో
ఎంత వెతికినా కనపడలేదు.

ఇంటికొచ్చేసరికి గిన్నె నిండి పొర్లి
వంటగదంతా తడి.
జెవాద్ మాట్లాడకుండా గుడ్డ పిండుతున్నాడు.
కెరిమ్‌కి ఒక మేజోడు దొరకలేదు.
అరిచాను. మేజోడు మీద, కుళాయి మీద,
ఎదురుగా ఉన్నందుకు ఇద్దరి మీదా.
అరిచాక ఏం చెయ్యాలో తోచక
పిండి కలిపాను.

గుడ్డ కప్పి గోడ గడియారం చూశాను.
తొమ్మిదీ ఇరవై.
పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాను,
జ్వరమొచ్చిన బిడ్డ పక్కన కూర్చున్నట్టు.
పదకొండూ అయిదుకి అంచు తాకింది.
గంటా నలభై అయిదు నిమిషాలు!
కాగితం మీద రాసి
దొంగని పట్టుకున్నంత సంబరంగా ఫోన్ చేశాను.
జుమ్రా నిద్రపోలేదు.
అంతా విని అడిగింది:
"ఇది ఏ నెలే?"
"అక్టోబరు."
"వాళ్ళొచ్చింది జూలైలో.
జూలైలో పిండి అంతసేపు ఆగదు తల్లీ."
కాసేపు ఊపిరి చప్పుడు.
"ముందు పొయ్యిలో పెట్టు. పులిసిపోగలదు."

పెట్టాను.
అర్ధరాత్రి ముగ్గురం నిలబడే తిన్నాం, వేళ్ళు కాల్చుకుంటూ.
కెరిమ్ ఒంటి మేజోడుతోనే ఉన్నాడు.
కాగితం పారెయ్యలేదు.
ఫ్రిజ్ తలుపు మీద
కుళాయి మేస్త్రీ నంబరు పక్కన అంటించాను.
జూలై దాకా
అది అక్కడే ఉంటుంది.