నూకల లెక్క

డార్బీలో రాత్రి రెండున్నర.
బయట వాన, ఎప్పటిలాగే, పడీ పడనట్టు.
లోపల నాలుగో నంబరు యంత్రం పళ్ళ మధ్య
చిటికెనవేలంత నికెల్ కడ్డీ
తొమ్మిది వందల యాభై డిగ్రీలకు ఎర్రబడి,
నాలుగు వందలకు చల్లారి,
మళ్ళీ ఎర్రబడుతోంది.

ఎరుపెక్కితే ఒక టేకాఫ్.
నల్లబడితే ఎక్కడో రన్‌వేకి చక్రాలు ఆనినట్టు.
మూడు నిమిషాలకో ప్రయాణం.
పోయిన మంగళవారం నుంచి మూడువేల తొమ్మిదివందల పదకొండు సార్లు
ఎగిరి దిగింది,
ఈ గది గడప దాటకుండా.

దీనికి భూమ్మీద నూకలెన్నో చెప్పడం నా ఉద్యోగం.
వేడి సాగదీసినంత, గాలి కొరికినంత,
లాగుడు అలసట పెట్టినంత
మూడు పద్దులూ కలిపి
నాలుగువేల నూట ఎనభై అన్నాను.
అందులో సగమైనా, అంతకు రెట్టింపైనా
మా శాస్త్రంలో నేను చెప్పింది నిజమే.
జాతకాలు చెప్పేవాడు కూడా ఇంత జాగా అడగడు.

గ్లెనిస్ హాలమ్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే.
తెర వైపు చూడదు. చెవి పెడుతుంది.
"గొంతు మారింది," అంది. "టీ మరిగేలోపే."
నా గీత ఇంకా నిటారుగానే ఉంది.

ఆమెకు నూకలంటే ఏమిటో చెప్పాను:
విరిగిన బియ్యం. ఎవరికెన్ని రాసుంటే అన్నే.
"సరిపోయింది," అంది,
"మన దగ్గరా విరిగినవే కదా లెక్కకొచ్చేది."

నిజమే. విరగని కడ్డీకి గ్రాఫులో ఒక బాణం గుర్తు వేస్తాం,
ఇంకా తెలీదు అని.

మూడుంబావుకు గీత కుంగింది.
పెద్ద చప్పుడేం కాదు,
ఎవరో గిన్నె మీద గోరు తాకించినట్టు.
మూడువేల తొమ్మిదివందల ఇరవై ఆరు.
టీ మరిగి అప్పటికి పావుగంట.

మైక్రోస్కోపు కింద తెగిన ముఖం,
అల వెనక అల ఆగిపోయిన చారలు.
వాటిని పట్టుకుని వెనక్కి పోతే ఒక చిన్న బొక్క,
ధూళి రేణువంత కూడా లేదు,
పోత పోసిన రోజు ఇరుక్కున్న గాలి.
నా మూడు పద్దుల్లో దానికి గడి లేదు.

ఫారంలో నింపాల్సింది ఒకటే మాట: ఫెయిల్.
గ్లెనిస్ పెన్ను పట్టుకుని కాసేపు ఊరుకుంది.
"అన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ ఇచ్చింది కదా,"
అని గొణిగి, రాసేసింది.

వేడి తగ్గని రెండు ముక్కల్నీ ట్రేలో పక్కపక్కన పెట్టింది,
తాకకుండా, కొంచెం ఎడంగా.
నేను కొత్త కడ్డీ పొడవు కొలుస్తున్నాను.