జల్లెడ

అమ్మ పిండి జల్లెడకి
అడుగున జాలీ కోసేశాను.
మిగిలింది చెక్క చట్రం,
చేతికందేంత సున్నా.

కుతాయిసీలో మా ఇంటికి
కిటికీ ఒక్కటే, అదీ ఉత్తరానికి.
అక్క త్సిరా చేతులతో మాట్లాడుతుంది.
బతూమిలో ఆమె నేస్తం వీడియో చూసి
తిరుగు టపాలో తల అడ్డంగా ఊపుతుంది:
మళ్ళీ చెప్పు, నీ మొహం చీకట్లో ఉంది.

చేతులు మాటలైతే
కనుబొమలు ప్రశ్నార్థకాలు.
టేబుల్ లైటు పెట్టి చూశాం,
చెయ్యి నీడ నుదుటి మీద పడి
"వస్తావా?" కాస్తా "రా!" అయి కూచుంది.

బజారులో ఎల్ఈడీ పట్టీ, గీచి గీచి బేరం.
చచ్చిన రౌటర్ తాలూకు అడాప్టరు, పన్నెండు వోల్టులు.
సోల్డరింగులో బొటనవేలు చుర్రుమంది.
వెలుగు గుచ్చుకోకుండా
కేకు కింద పరిచే కాగితం చుట్టాను.
మూడు దీపాలు ఎంతకీ వెలగలేదు.
సున్నాలోంచి కెమెరా
తొంగిచూసింది.

అక్క కూచుంది.
చెయ్యి అటు తిప్పింది, ఇటు తిప్పింది,
నీడ ఏ మూల నక్కిందోనని
గోడకేసి కూడా చూసింది.
అప్పుడు మొదలెట్టింది:
మేడమీది నోదారి మినీబస్సులో నిద్రపోయి
షెడ్డులో కళ్ళు తెరిచిన కథ.
నవ్వు ముందు కనుబొమల్లో పుట్టి
వేళ్ళదాకా పాకింది.

ఆమె నల్లగుడ్లలో
రెండు చిన్ని వలయాలు,
రెండూ ఒకేచోట తెగి,
ఎలక కొరికిన రొట్టెల్లా.

వంటింట్లోంచి అమ్మ:
"నా జల్లెడ ఏదిరా?"

అక్కకి వినబడదు.
ఆ పూట
నాకూ వినబడలేదు.