తట్టడానికి చోటు

దోన్యా ఎదువినాది తాళాల పని.
వల్పరైసోలో, కొండ మీదికి తాడు లాగే రైలుపెట్టె ఆగే చోట
రెండు బారల కొట్టు.
నలభై యేళ్ళ ఇత్తడి పొడి గోళ్ళ సందుల్లో.

ఆపరేషన్ ముందు రాత్రి బీపీ చూస్తుంటే అంది:
"ఈ ఊళ్ళో నేను తెరవలేని తలుపు లేదు డాక్టరమ్మా."
ఇంకా డాక్టర్ని కాలేదన్నాను. అవుతావులే అంది.
"అయినా ఇంటివాళ్ళొచ్చి పక్కన నిలబడి
ఊఁ అంటే గానీ పుల్ల లోపల పెట్టను.
ఒకడొచ్చాడోసారి, పెళ్ళాం లోపల గడియేసుకుందని.
నన్నెందుకు పిలుస్తావ్, ఆమెనడుగు అన్నాను.
తెల్లారేదాకా వానలో అడుగుతూనే ఉన్నాడు."
ఇంకా కుట్లు పడని పొట్ట పట్టుకుని నవ్వింది.

పొద్దున ఏడున్నర.
మత్తెక్కాక మనిషికి పేరు జారిపోతుంది:
మూడో టేబులు, గర్భసంచిలో గడ్డ.
డాక్టర్ ఉర్రెహోలా గోడవారగా ఉన్న మా వైపు తిరిగి
"ఒక్కొక్కరే రండి,
ఇంత వదులుగా కండరాలు మళ్ళీ దొరకవు" అన్నాడు.
ఐదుగురం. నేను నాలుగోదాన్ని.
రేమిహియో గ్లవ్ తొడుక్కుని గడియారం చూశాడు.
నా వంతు వచ్చేదాకా ఒక ప్రశ్న
నాలుక కింద మాత్రలా ఉంది. కరగలేదు.
మింగేశాను.

అర నిమిషం.
నిమ్మకాయంత ఉంది అన్నాను.
సరిగ్గా చెప్పావన్నాడు.
ఆ మెచ్చుకోలు ఒంటికంటుకున్న తడిగుడ్డ,
ఇప్పటికీ ఆరదు.

తర్వాత ఫారం తీసి చదివాను.
మూడో పేజీ అడుగున చీమల బారు:
ఇది బోధనాసుపత్రి.
కింద ఆమె సంతకం,
చివరి అక్షరానికి తాళంచెవి పంటిలాంటి వంకర.
పొట్ట కొయ్యడానికి ఒప్పుకున్న సంతకం.
నా వేళ్ళ ఊసు అందులో ఎక్కడా లేదు.

రక్తం రాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.
ఆమెకు తెలియదు.
నేర్చుకున్నాను, అదీ నా బాధ,
నిజంగానే నేర్చుకున్నాను.
రేపు ఇంకెవరో అడిగి ఒళ్ళప్పగిస్తే
ఈ అడగని నేర్పే అక్కరకొస్తుంది.

మూడో రోజు సాయంత్రం
సముద్రపు మంచు కిటికీ దాకా వచ్చింది.
ఆమె మంచం చుట్టూ తెర లాగి ఉంది.
తట్టడానికి తెరకు చెక్క లేదు, గొళ్ళెం లేదు.
గుడ్డ అంచు పట్టుకుని
"రావచ్చా?" అన్నాను.
ఈ ఆసుపత్రిలో ఆ మాట నా నోట అదే మొదలు.

"ఎవరూ, డాక్టరమ్మా? తెరిచేగా ఉంది, రా."

తెరిచే ఉంది.
చెయ్యి కదల్లేదు.
చెప్పాల్సింది అర నిమిషం మాట.

లోపల మంచం కిర్రుమంది.
"చలి కొడుతోందమ్మా,
వస్తే రా, లేదంటే ఆ గుడ్డ వదిలెయ్."