రెండో పాట దగ్గర గీత

చిలీ ఉత్తర తీరాన, పుంతా లోబెరా రేవులో
చేపల బజారు వెనక సందు.
అందులో నిబాల్దో రికార్డుల కొట్టు.
నలుగురు నిలబడితే ఐదోవాడికి గుమ్మమే గతి.
ఆ శుక్రవారం పదిహేడు మందిమి దూరాం.

తొమ్మిదేళ్లయింది మా బ్యాండు కొత్త పాట కట్టి.
పాడేవాడికి గొంతు పోయిందన్నారు,
డ్రమ్ములామె రాగి గనిలో లారీ తోలుతోందన్నారు.
ఎవరికీ ఏమీ తెలీదు కాబట్టి
అందరం అన్నీ చెప్పుకున్నాం.
సంతియాగో నుంచి రాత్రి బస్సులో దిగిన అట్టపెట్టెను
పొద్దుటినుంచీ ఒళ్లో పెట్టుకు కూచున్నాడు నిబాల్దో.
"ఏడింటికన్నానుగా. ఏడింటికే."

నేను చేపల గంప దగ్గర్నుంచి తిన్నగా వచ్చాను.
పొలుసులింకా గోళ్లలోనే ఉన్నాయి.
రికార్డు అందుకోబోతే వెనక్కి లాక్కుని
ఒక పాతగుడ్డ విసిరాడు:
"ముందు చేతులు తుడుచుకో, యాస్నా."

మొదటి పాట అయింది. ఎవరం మాట్లాడలేదు.
రెండోది మొదలైన కాసేపటికి
నేలలోంచి మంద్రంగా ఒక మోత, మోకాళ్ల దాకా.
"అబ్బ, ఆ బేస్ గిటారు వినండి!" అన్నాడు లెయాంద్రో
కళ్లు మూసుకుని.
పదహారు తలలు ఊగాయి.
బల్బు కూడా ఊగింది.

మా ఊళ్లో చిన్నవాటికి ఎవరూ కుర్చీలోంచి లేవరు.
టీ ఒలక్కుండా కప్పు గాల్లోకెత్తి
పోతుందిలే అంటారు.
ఇది పోలేదు.
లెక్కపెట్టమనేది మా అమ్మమ్మ, భయానికి పని చెప్పడానికి.
నలభై దాకా పెట్టాను. తర్వాతి అంకె ఏమిటో
ఎంతకీ తట్టలేదు.
గోడవారన రికార్డులు
మొదటి అక్షరం నుంచి వరస తప్పకుండా రాలుతున్నాయి.
ముల్లు ఎగిరిపడి, పాట మీద గీసుకుంటూ పోయింది.
భూమి చప్పుడు మరిచిపోయాను గానీ, ఆ చప్పుడు మరవలేదు.
అంత ఊపులోనూ నిబాల్దో
ముల్లెత్తి గూట్లో పెట్టి, స్విచ్చు కట్టేసి,
రికార్డు కవర్లోకి దోపి
అప్పుడొచ్చాడు బయటికి, అందరికన్నా ఆఖరున.

సైరన్. కొండెక్కాం.
కింద ఊరంతా ఒకే నలుపు.
సముద్రం ఎక్కడ మొదలవుతుందో
వాసనతోనే పోల్చుకోవాలి.
ఇంటి తాళాలు మరిచినవాళ్లున్నారు, ఒకాయన చెప్పులు మరిచాడు,
స్వెట్టర్ల కింద మాత్రం చదరంగా ఉబ్బెత్తులు.
నాది కొట్లోనే ఉండిపోయింది.
డబ్బులు కట్టేశాను కూడా.

ఎర్మిందా అని, స్కూల్లో గుమస్తాగా చేసి రిటైరైన ఆవిడ,
మనవడి కోసం కొనడానికొచ్చిందట.
కవరు లోపలి కాగితం తీసి, ఫోను వెలుగులో
పాటలన్నీ హాజరుపట్టీలా చదివింది.
రాగం లేదు, తాళం లేదు.
కొండ కదిలినప్పుడల్లా ఆగేది.
కదలడం మానాక, "ఎక్కడున్నాం?" అనేది.
ఎవరో ఒకరు పంక్తి అందించేవారు.
వినగా వినగా మూడో పాటకు
నా అంతట నేనే ఒక బాణీ కట్టేసుకున్నాను.
పక్కన లెయాంద్రో వేలు
మోకాలి మీద ఇంకేదో తాళం వేస్తోంది.

నీళ్లు ఒంటిగంటకు వచ్చాయి.
చూడలేదు, విన్నాం.
పడవలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం,
బజారు రేకులు,
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

నెల్లాళ్లకు, ఒవాయేలో మా పిన్ని కూతురింట్లో
మూడో పాట విన్నాను.
బాగుంది. అందరూ బాగుందనే అంటున్నారు.
నా పాట అది కాదు.
నాదాన్ని మళ్లీ గుర్తు తెచ్చుకుందామని చూస్తే
వాళ్లదే వస్తోంది.

నిబాల్దో ఇప్పుడు కొండమీద, అక్కగారి గ్యారేజీలో.
ఆ రికార్డే వేస్తాడు రోజూ.
రెండో పాటలో ఆ గీత దగ్గరికొచ్చేసరికి ముల్లు తడబడి
"ఎస్పె… ఎస్పె…" అంటూ అక్కడక్కడే తిరుగుతుంది.
ఎస్పెరా అంటే ఆగు అని.
ఆ మాట పూర్తి కాదు. ఎవరూ లేచి జరపరు.

మొన్న దక్షిణాది నుంచి ఒక కుర్రాడొచ్చి
అది అమ్ముతారా అన్నాడు, చెయ్యి చాపుతూ.
నిబాల్దో బల్ల కిందకి వంగి
పాతగుడ్డ తీశాడు.