రెండోసారి తలుపు తట్టడం

సోహార్ రేవులో రాత్రి డ్యూటీ.
బయట క్రేన్లు ఓడ మీదికి వంగి
ఒక్కో పెట్టెనీ పేరు పెట్టి పిలిచి లేపుతున్నాయి.
లోపల, ఒకే ఒక్క ఫోల్డర్లో
పందొమ్మిది లక్షల కంటైనర్ల ఫొటోలు.
జాబితా అడిగి, చాయ్ తాగి, గ్లాసు కడిగి వచ్చినా
తెర మీద కర్సరు కన్ను కొడుతూనే ఉంది.

తప్పు డిస్కుది కాదు, మనం అడిగే తీరుది.
ముందు పేర్లన్నీ చెప్పమంటాం.
తర్వాత ఒక్కో పేరు గడపకీ పోయి మళ్ళీ తలుపు తడతాం:
నీ బరువెంత? నిన్ను చివరిసారి తాకిందెప్పుడు?
పందొమ్మిది లక్షల తలుపులు,
ప్రతి తలుపుకీ తీగ మీద రానూ పోనూ ప్రయాణం.

"కొత్త కాల్ ఒకటి రాద్దాం," అంది రయ్యా,
"పేరూ వివరమూ ఒకే పళ్ళెంలో."
"పళ్ళెం వచ్చేలోగా చల్లారితే?" అన్నాడు బిజోయ్.
"నువ్వు చెప్పేసరికి ఆ ఫైలు పెరిగుంటుంది, పోయుంటుంది.
పాత మాటని వేగంగా చెప్పడానికా ఇంత కష్టం?
పేర్లే చాలన్నవాడి నెత్తిన ఈ మూటెందుకు?"
"ఏం కావాలో అడిగేవాడే చెప్తాడు.
పాతదైనా పర్లేదా అన్నదీ వాడే చెప్తాడు."
"అందరూ పర్లేదనే అంటారు. తొందర కదా."

నేను మాట్లాడలేదు.
నాకు ఫలజ్ క్యాంపు గేటు యాదికొచ్చింది.
తెల్లారి నాలుగింటికి టైమ్‌కీపర్ ముత్యమన్న పేరు పిలిస్తే
ఆ మనిషి కిటికీ దాకా వచ్చి, బతాకా చూపెట్టి, మళ్లిపోయేటోడు.
ఆరొందల మంది.
ఆఖరోని వంతొచ్చేసరికి బస్సుల నీళ్లు వేడెక్కేవి.
ఒకనాడు విసిగి ఒకటే కాగితం చేసిండు:
పేరు, బ్లాకు, మంచం, బస్సు నంబరు.
ఏడు నిమిషాల్ల గేటు ఖాళీ.

మూడో వారం. ఏడో బ్లాకు, పన్నెండో మంచం,
కోరుట్ల రాజలింగం: హాజరు.
రాత్రే దవాఖానకు తీస్కపోయిన్రని
కాగితానికెవరు చెప్పాలె?
పొద్దుమీకే దాకా హాజర్లనే ఉన్నడు.

ముత్యమన్న కాగితం చింపలే.
పైన ఎర్ర సిరాతో రాసిండు:
"ఇది నిన్న రాత్రి పదింటి ముచ్చట."

ఇదే చెప్పాను వాళ్ళకి, వచ్చీరాని ఇంగ్లీషులో.
రయ్యా చాలాసేపటికి
వివరం పక్కన ఇంకో చిన్న గడి చేర్చింది,
ఏ వేళకి తెలిసిన సంగతో చెప్పే గడి.
బిజోయ్ ఇంకా ఒప్పుకోలేదు.
"ఆ గడి ఎవడు చదువుతాడు?"

అజాన్ వేళకి జాబితా పదకొండు సెకన్లలో వచ్చింది.
పైనుంచి కిందికి దొర్లిస్తూ పోయినవాణ్ణి,
ఎందుకో ఏడువేల పన్నెండో పేరు దగ్గర ఆగి
మళ్ళీ తలుపు తట్టాను.