మొదటిది లెక్కల రాదు

నాయిన తాటిచెట్టెక్కి గీసిండు.
నేను నేల మీద నిలబడే గీసిన,
సలాలా కొండల అవతల, వాన దాటి రాని ఎడారిల.
సాంబ్రాణి చెట్టు నా కంటె జానెడే ఎత్తు.
మోకు లేదు, ముస్తాదు లేదు,
జారి పడుతనన్న రంది లేదు.

ముసల్లమ్ తాత మిన్‌గఫ్ చేతికిచ్చి
తోలు తియ్యి, కండ ముట్టకు అన్నడు.
అరబ్బీలనే అన్నడు. అర్థమైంది.
నాయిన గీత కత్తి ఇచ్చినప్పుడు గదే అన్నడు.

తెల్లగ చుక్కలు పొడిచినయి.
పదిహేను రోజులకు పోతె
తాత వాటిని గీకి ఇసుకల పారేసిండు.
మొదటిది లెక్కల రాదట.
రెండోది అంతంతే.
మూడో గీతకు గాని చెట్టు నిజం చెప్పదట.
నా మొదటి రెండేళ్ళ జీతం
జగిత్యాల ఏజెంటు ఇంటికి పోయింది.
నవ్విన. ఎందుకు నవ్వినవన్నడు.
నాకొచ్చిన అరబ్బీ అంత దూరం పోదు.

ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, డ్యూటీ షెడ్డుల.
బంకను రోకలితోని నలగ్గొట్టి
పది కిలోలు డేగిసాల, మీద నీళ్ళు,
మూత అంచుకు గోధుమపిండి మెత్తుత
ఆవిరి దొంగలెక్క దాటిపోకుండ.
మఫీజుల్ మంట కాడ, నేను గొట్టం కాడ.
ఆరేడు గంటలు.
గాజు సీసాల నూనె పైకి తేల్తది, నీళ్ళు కిందికి,
నడుమ వెంట్రుక మందం గీత.
కింది నల్లా ఇప్పి నీళ్ళు వదుల్త.
గీత నల్లా కాడికి రాంగనె కట్టెయ్యాలె.
రెప్ప కొట్టినవా, పది రియాళ్ళు మోరీల.
ఇంత చేస్తె అరకిలో.

బయట ఖరీఫ్ తుంపర.
ఈళ్ళు ముసురును ఖరీఫ్ అంటరు,
మేం పంటను అంటం.
ఇక్కడ ఏం పండింది మఫీజుల్ అంటె
ముక్కు చూపిస్తడు.
మా ఇద్దరి ముక్కులు చచ్చి ఏడాదైంది.
కార్లు దిగినోళ్ళు వాకిట్ల ఆగి కండ్లు మూసుకుంటె
ఏమొచ్చిందోనని వెనక్కి తిరిగి చూస్త.

పొద్దుమీకి డేగిసా వంచితె
అడుగున నల్లటి ముద్ద.
వాసన పోయింది, జిగురు పోలే.
పారెయ్యమన్నరు.

రూముల బకెటు పగిలి నెల రోజులు.
వేడి మీదనే పగులుకు మెత్తిన,
బొటనవేలు కాలింది.
తెల్లారగట్ల నాలుగింటికి
తువ్వాలలు భుజాన ఏసుకొని పన్నెండు మంది లైన్ల.
మొదలు నేనే నల్లా ఇప్పిన.
నిండింది.
చుక్క కారలే.